మా రోజుల్లో ఫైలు పోతే వెతికేవాళ్లం

ఈ కాలం పిల్లల దగ్గరికి మొరాయించిన కంప్యూటర్‌ను తీసుకుపోయి చూడండి. తెర మీద ఏం రాసి ఉందో చదవనే చదవరు. "డేటా బ్యాకప్ ఉందా అంకుల్?" అని అడుగుతారు. ఉందంటే ఫార్మాట్. లేదంటే డిస్క్ ఊడదీసి, అందులో ఉన్నదంతా ఇంకో డిస్క్‌లోకి ఎత్తిపోసి, ఆపైన ఫార్మాట్. ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫైలు కనబడడం లేదు మహాప్రభో అని ఆ కంప్యూటరే ఫైలు పేరుతో సహా మొరపెట్టుకుంటుంటే వినే ఓపిక వీళ్లకు లేదు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అని మా అవ్వ అనేది. ఇప్పుడు ఇల్లు తగలబెట్టి బిల్లు కూడా చేతిలో పెడుతున్నారు.

మా రోజుల్లో ఫార్మాట్ చేశానని చెప్పుకోవడానికి మెకానిక్‌కు సిగ్గేసేది. ఇంకే దారీ దొరకలేదని ఒప్పుకున్నట్టే లెక్క. పోయిన ఫైలు ఏది, అది చేసే పనేమిటి, ఎందుకు పోయింది, దాని మంచి నకలు ఎక్కడ దొరుకుతుంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు వెతికాకే చెయ్యి పెట్టేవాళ్లం.

నేను పుట్టి పెరిగింది కోయంబత్తూరు పీళమేడులో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మిల్లు ఆఫీసులో ఇంగ్లీషు. విజయనగర కాలంలో దక్షిణానికి నడిచొచ్చామని పెద్దలు చెబుతారు. వచ్చినవాళ్లు నల్లరేగడిలో పత్తి వేశారు, తర్వాత పత్తిని వడికే మిల్లులు పెట్టారు, ఆ తర్వాత మిల్లు యంత్రాలకు కావలసిన భాగాలను ఫౌండ్రీల్లో పోత పోశారు. 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థ వచ్చింది, దాని కిందనే 1951లో ఇంజనీరింగ్ కాలేజీ. 1962లో లక్ష్మీ మెషిన్ వర్క్స్. పక్కనే కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడుగారూ, బాలసుందరం నాయుడుగారూ కలిసి 1937లో చేసిన కరెంటు మోటారు దేశంలోనే మొదటిదని మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఇలాంటి ఊళ్లో ఏదన్నా ఆగిపోతే ముందు విప్పి చూస్తారు. విప్పకుండా పారేసేవాణ్ణి పనికిమాలినవాడు అంటారు. నేను కంప్యూటర్ రిపేరుకు దిగింది కూడా ఆ గాలి పీల్చిన బుద్ధితోనే.

అయితే ఈ పనిలో ఒక చిక్కు ఉంది. మిల్లులో పళ్లచక్రం అరిగితే కొలతలు తీసుకుని లేతు మీద ఇంకోటి చేయించవచ్చు. సిస్టమ్ ఫైలు అలా తయారుచేసేది కాదు. అదే ఫైలు కావాలి, అదే వెర్షన్ కావాలి, సరిగ్గా ఉండవలసిన చోటే ఉండాలి. ఒక్క బైటు తేడా వచ్చినా ఒప్పుకోదు. కాబట్టి మా పని తయారీ కాదు, వెతుకులాట. మంచి నకలు ఎక్కడుందో తెలిసినవాడే మెకానిక్.

డాస్ రోజుల్లో వెతకాల్సింది తక్కువ. ఐఓ డాట్ సిస్, ఎంఎస్‌డాస్ డాట్ సిస్, కమాండ్ డాట్ కామ్. ఈ మూడూ ఉంటే కంప్యూటర్ లేస్తుంది. మొదటి రెండూ దాచిన ఫైళ్లు, మామూలుగా కంటికి కనబడవు. మూడోది మాత్రం వీధి గుమ్మంలో నిలబడి ఉండేది. మిల్లు ఆఫీసులో గుమాస్తా ఎవరో డిస్క్ ఖాళీ చేద్దామని రూట్ డైరెక్టరీలో డెల్ స్టార్ డాట్ స్టార్ కొట్టేవాడు. దాచినవి బతికిపోయేవి, కమాండ్ డాట్ కామ్ పోయేది. మర్నాడు పొద్దున "బ్యాడ్ ఆర్ మిస్సింగ్ కమాండ్ ఇంటర్‌ప్రెటర్" అని తెర. ఫోను నాకు.

నేను చొక్కా జేబులో బూట్ ఫ్లాపీ పెట్టుకుని పోయేవాణ్ణి. 1.44 ఎంబీ ఫ్లాపీ, రాయడానికి వీల్లేకుండా మూల గడియ తెరిచి ఉంచినది. ఫ్లాపీతో లేపి, సిస్ సీ కోలన్ అని కొడితే "సిస్టమ్ ట్రాన్స్‌ఫర్డ్" అనేది. ఆ మాట చూశాక కాఫీ. అయితే డిస్క్‌లో ఉన్నది 6.22 అయినప్పుడు 5.0 ఫ్లాపీ నుంచి ఒక్క కమాండ్ డాట్ కామ్‌ను మాత్రం కాపీ చేస్తే, "ఇన్‌కరెక్ట్ డాస్ వెర్షన్" అని మొహం మీద కొట్టేది. అందుకే నా దగ్గర వెర్షన్‌కు ఒక ఫ్లాపీ, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో నంబరు. డాస్ 5తో 1991లో అన్‌డిలీట్ అనే కమాండ్ వచ్చింది. చెరిపినప్పుడు డాస్ చేసేదల్లా ఫైలు పేరులో మొదటి అక్షరం కొట్టేయడం, అది కూర్చున్న చోటు ఖాళీ అని రాసుకోవడం. అందుకే తిరిగి తెచ్చేటప్పుడు ఆ మొదటి అక్షరం ఏమిటో మనల్నే అడిగేది. గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదేం ఫైలప్పా?" అని అడుగుతూ ఒక్కో అక్షరం నింపేవాణ్ణి. తన ఫైళ్ల పేర్లు తనకు తెలిసిన మనిషి ఆ రోజుల్లో ఉండేవాడు. ఇప్పుడు అందరి ఫైళ్లూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో గుట్టగా పడి ఉంటాయి.

ఫైలు దానంతటది పోదు, దాని వెనక ఏదో ఉంటుంది. ఇది మాకు మిల్లులే నేర్పాయి. స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ మూత తీస్తే లోపల దూది పరుపు కనిపించేది. గాల్లో ఎగిరే నూగును ఫ్యాను లోపలికి లాగేది. ఫ్యాను బిగుసుకుపోతే వేడెక్కి కంప్యూటర్ బిగదీసుకునేది. గుమాస్తా విసిగి స్విచ్ కట్టేసేవాడు. ఆ క్షణంలో డిస్క్ మీద రాతలో ఉన్న ఫైలు సగంలో ఆగిపోయేది. మర్నాడు ఆ ఫైలు చెడిందని ఏడుపు. ఫైలు తిరిగి పెట్టడం రెండు నిమిషాల పని. దూది తీసి, ఫ్యానుకు నూనె వేసి, "నాయనా, స్విచ్ కట్టేసేముందు ప్రోగ్రామ్‌లోంచి బయటికి రా" అని చెప్పడమే అసలు రిపేరు. దూది తీయకుండా ఫైలు పెట్టినవాడు వారానికోసారి అదే మిల్లుకు పోయేవాడు. పాపం, వాడి మోపెడ్ టైర్లు అరిగేవి.

విండోస్ 95 వచ్చాక ఫైళ్లు మూడు కాదు, వేలయ్యాయి. ఫ్లాపీల మీద కొంటే 13 ఫ్లాపీలు. పదో ఫ్లాపీ దగ్గర బూజు పట్టి చదవనంటే మొదటికి రావాలి. ఆ విండోస్‌తో డీఎల్ఎల్‌ల గొడవ ముదిరింది. డీఎల్ఎల్ అంటే పది ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే ఫైలు. ఉమ్మడి ఆస్తి. కొత్తగా ఎక్కించిన ప్రోగ్రామ్ తన వెంట తెచ్చిన పాత డీఎల్ఎల్‌ను, అక్కడున్న కొత్తదాని మీద పరిచేసేది. అది నడిచేది, మిగతా తొమ్మిదీ పడుకునేవి. తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో ఇది రోజూ ఉండే కథ. పొద్దున ఎవరో ఫ్యాక్స్ పంపే ప్రోగ్రామ్ ఎక్కించారు, సాయంత్రానికి విజువల్ బేసిక్‌లో రాయించుకున్న జీతాల ప్రోగ్రామ్ లేవదు. ఎంఎస్‌వీబీవీఎం60 లేదంటుంది, లేదా ఎంఎస్‌కామ్‌సీటీఎల్ ఓసీఎక్స్ రిజిస్టర్ కాలేదంటుంది.

అప్పుడు మేం చూసేది ఫైలు ఉందా లేదా అని కాదు. దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి, వెర్షన్ నంబరు, తేదీ, సైజు చూసేవాళ్లం. పక్క బల్ల మీద జీతాల ప్రోగ్రామ్ చక్కగా నడుస్తున్న ఇంకో కంప్యూటర్ ఉంటుంది కదా, అక్కడ అదే ఫైలు వెర్షన్ చూసి రెండూ కాగితం మీద రాసుకుని పోల్చేవాళ్లం. తేడా దొరికిన చోట దొంగ దొరికినట్టే. ఓసీఎక్స్ అయితే రెగ్‌సర్వర్32 కొట్టి రిజిస్టర్ చేయాలి. అప్పుడు "సక్సీడెడ్" అని చిన్న పెట్టె వస్తుంది. ఆ పెట్టె కోసం బస్సెక్కి తిరుప్పూరు పోయిన రోజులు ఎన్నో.

మధ్యలో 1999 ఏప్రిల్ 26. సోమవారం. తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజు పేలింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే. డిస్క్ మొదట్లో ఉన్న ఒక ఎంబీ మేర సున్నాలు పరిచేసేది. దాని చేతికి చిక్కే మదర్‌బోర్డు అయితే బయాస్ చిప్పును కూడా చెరిపేసేది. దాంతో కంప్యూటర్ ఫలానా ఫైలు పోయింది అని చెప్పుకునే స్థితిలో కూడా ఉండేది కాదు. నల్లటి తెర. బయాస్ చిప్పును సాకెట్‌లోంచి పీకి, అదే మోడల్ బోర్డు మీద మళ్లీ రాయించి పెట్టినవాళ్లున్నారు. ఆ పనిని ఈనాటి పిల్లలకు చెబితే పురాణం వింటున్నట్టు మొహం పెడతారు.

ఎక్స్‌పీ నాటికి మా విద్య పండింది. "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్", అంటే విండోస్‌ను లేపే ఫైలు లేదు అని తెర వస్తే ముందు చూడాల్సింది సీడీ కాదు, కంప్యూటర్ వెనకాల. ఎవరో పెన్‌డ్రైవ్ గుచ్చి మరిచిపోతారు. కంప్యూటర్ ముందు అందులో వెతికి, అక్కడ ఎన్‌టీఎల్‌డీఆర్ దొరక్క అలా అంటుంది. పీకేసి మళ్లీ స్టార్ట్ చేస్తే అయిపోయె. నిజంగానే పోతే ఎక్స్‌పీ సీడీలోని ఐ386 ఫోల్డర్ నుంచి ఎన్‌టీఎల్‌డీఆర్‌ను, ఎన్‌టీడిటెక్ట్‌ను కాపీ చేస్తే చాలు. ఇంకొకటి, "హాల్ డాట్ డీఎల్ఎల్ మిస్సింగ్ ఆర్ కరప్ట్". పది మందిలో తొమ్మిది మంది హాల్ డీఎల్ఎల్‌నే వెతికి తెచ్చి పెడతారు. మళ్లీ అదే తెర. ఎందుకంటే చాలాసార్లు ఆ ఫైలు ఉన్న చోటే భద్రంగా ఉంటుంది. విండోస్ ఏ డిస్క్‌లో, ఏ భాగంలో ఉందో చెప్పే బూట్ డాట్ ఐఎన్ఐ చెడి ఉంటుంది. తప్పుడు చోటికి పోయి వెతికి, హాల్ లేదు అంటుంది కంప్యూటర్. చెప్పిన పేరు ఒకటి, పోయింది ఇంకొకటి. తెర మీది మాటను చదవాలి అంటున్నానే గానీ, దాన్ని గుడ్డిగా నమ్మమనడం లేదు.

అన్నిటికంటే పెద్దది, విండోస్ తన అమరికలన్నీ రాసుకునే రిజిస్ట్రీ. సిస్టమ్32 కింద కాన్ఫిగ్ ఫోల్డర్‌లో సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అని అయిదు ఫైళ్లు. కరెంటు వేళకాని వేళ పోతే వీటిలో ఒకటి చెడేది. మైక్రోసాఫ్ట్ వాళ్లు 307545 నంబరుతో ఒక వ్యాసం పెట్టారు. రిపేర్లు చేసేవాళ్లకు ఆ నంబరు ఇంటి ఫోను నంబరులా కంఠస్థం. రికవరీ కన్సోల్‌లోకి పోయి, చెడినవాటిని పక్కన పెట్టి, రిపేర్ ఫోల్డర్‌లోని మొదటినాటి నకళ్లు తెచ్చి పెట్టి, లేచాక రిస్టోర్ పాయింట్ నుంచి కొత్త నకళ్లు వెతికి మార్చాలి. ఇందులో మొదటి సూత్రం ఏమిటంటే, చెడిన ఫైలునైనా చెరపకూడదు. పేరు చివర బ్యాక్ అని తగిలించి పక్కన పెట్టాలి. కొత్తది పని చేయకపోతే వెనక్కి పోవడానికి దారి ఉంటుంది. ఈ ఒక్క సూత్రం తెలిసినవాడు ఫార్మాట్ జోలికి తొందరగా పోడు.

కరెంటు అన్నాను కదా. 2012లో కోయంబత్తూరు పడ్డ అవస్థ ఇక్కడి పరిశ్రమల వాళ్లెవరూ మరిచిపోరు. రోజులో సగం కరెంటు లేదు. పంపుల ఫ్యాక్టరీలు, ఫౌండ్రీలు మూతలేసుకుని కూర్చున్నాయి. యూపీఎస్ బ్యాటరీలు పూర్తిగా ఎక్కకముందే మళ్లీ దిగిపోయేవి. ఆ ఏడాది నేను తిరిగి పెట్టిన సిస్టమ్ ఫైళ్లన్నిటికీ కారణం ఒక్కటే. వైరస్ కాదు, డీఎల్ఎల్ కాదు, యూపీఎస్ బ్యాటరీ. కొత్త బ్యాటరీ వేయించుకోమంటే, "ముందు సిస్టమ్ సరిచెయ్యి అన్నా, బ్యాటరీ తర్వాత" అనేవాళ్లు. తర్వాత అంటే నేను మళ్లీ రావడమే.

ఇక మన భాష సంగతి. మదురైలో మా బావమరిది ఇల్లు తిరుమల నాయకర్ మహల్‌కు నడిచిపోయే దూరంలో ఉండాది. మదురై నాయకరాజుల ఊరు అది, ఆ వంశపు విజయరంగ చొక్కనాథుడు తెలుగులో వచన కావ్యాలు రాశాడు. ఆయన కొలువులోని సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో రాశాడు. అలాంటి ఊళ్లో మా బావమరిది కూతురి పెళ్లికి శుభలేఖ ఒక పక్క తమిళంలో, ఒక పక్క తెలుగులో వేయిద్దామనుకుంటే, అతని కంప్యూటర్‌లో తమిళం ముత్యాల్లా వచ్చింది, తెలుగు పెట్టెలు పెట్టెలుగా వచ్చింది. "మామా, తెలుగు పాడైపోయుండాది" అని పెళ్లికూతురే ఫోన్ చేసింది.

పాడైపోలేదు, అసలు లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. కానీ చోటు ఉండడం వేరు, తెర మీద గీయడం వేరు. అతని విండోస్ 2000 హిందీకీ తమిళానికీ పనిచేసేది, తెలుగుకు చేసేది కాదు. మనకు 2001లో ఎక్స్‌పీ, దాంతో గౌతమి ఫాంటు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఫాంటు ఒక్కటే తెచ్చి పెడితే సరిపోదు. అక్షరాలను కలిపి, వత్తును కిందికి దింపి, గుడిని పైకెక్కించే పని యూఎస్‌పీ10 అనే డీఎల్ఎల్‌ది. అది పాతదైతే శ, ర, గుడిదీర్ఘం విడివిడిగా వరుసలో నిలబడతాయి, శ్రీ రాదు. కొత్త యూఎస్‌పీ10 తెచ్చి సిస్టమ్32లో పెడితే విండోస్ దాన్ని తోసేసి తన పాతదాన్నే మళ్లీ పెట్టుకునేది. ముఖ్యమైన ఫైళ్లను ఎవరూ మార్చకుండా 2000లో పెట్టిన కాపలా అది. చివరికి ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే కొత్త యూఎస్‌పీ10 పెట్టాం. ప్రోగ్రామ్ ముందు తన ఇంట్లో వెతుక్కుంటుంది కదా. శ్రీరస్తు శుభమస్తు చక్కగా దిగింది. ఎక్స్‌పీ ఉన్నవాళ్లకు కూడా ఊరికే రాలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి పోయి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు ఎక్కించమని టిక్ పెట్టి, సీడీ వేయాలి. ఆ టిక్ తెలియక తెలుగు లేదనుకున్న తెలుగువాళ్లు మదురైలో ఎందరో!

శివకాశి ముచ్చట ఇంకో రకం. తెలుగు క్యాలెండర్లు చాలావరకు అక్కడే అచ్చవుతాయని మీకు తెలుసు. అచ్చు వేసే కుర్రాడికి తెలుగు రాదు. అప్పట్లో డీటీపీకి వాడే తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల గుర్తులు, పైన తెలుగు వేషం. ఫాంటు ఫైలు పోతే వేషం ఊడిపోయి, ఏకాదశి ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ఇంకా ప్రమాదం ఏమిటంటే, అదే ఫాంటు పాత వెర్షన్ దొరికి ఎక్కిస్తే అంతా తెలుగులాగే కనబడుతుంది, కానీ ఒకటి రెండు వత్తులు మారిపోయి ఉంటాయి. తెలుగు చదవనివాడికి అది తెలియదు. ఫాంట్ ఫైలు ఏ వెర్షన్‌దో చూడాలి, ఆపైన తెలుగు వచ్చినవాడు ఒక పేజీ చదవాలి. పోయినదానికంటే సగం చెడినదే ఎక్కువ మోసం చేస్తుంది. పోయింది కనీసం అరుస్తుంది.

సరే, ఈనాటి విషయానికి వద్దాం. అంతా చెడిపోయిందని నేననను. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్‌లో ఒకే డీఎల్ఎల్ రకరకాల వెర్షన్లు పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి, ఒకదాని మీద ఇంకోటి పరుచుకోదు. విస్టా నుంచి సిస్టమ్ ఫైళ్లకు కాపలా గట్టిపడింది. విండోస్ 98లోనే పుట్టిన సిస్టమ్ ఫైల్ చెకర్ ఇప్పుడు ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ అని ఒక్క వరుస కొడితే అన్ని ఫైళ్లనూ సరిచూసి, చెడినవాటికి మంచి నకలు పెడుతుంది. మేం కాగితం మీద వెర్షన్లు రాసుకుని చేసిన పని అదే చేస్తుంది. మంచిదే కదా. నా కోపం ఆ పనిముట్టు మీద కాదు, అది ఏం చేస్తుందో తెలియకుండా కొట్టేవాళ్ల మీద.

ఎస్‌ఎఫ్‌సీ మంచి నకలు తెచ్చుకునేది ఆ విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ గోదాము నుంచే. గోదామే చెడితే? "చెడిన ఫైళ్లు దొరికాయి, కొన్ని సరిచేయలేకపోయాను" అంటుంది. మా అక్క మనవడు ఆ మాట చూసి, "తాతా, ఇక ఫార్మాటే" అన్నాడు. ఒరే అబ్బాయ్, ముందు గోదాము సరిచెయ్యాలి కదరా! డిజమ్ అని ఒకటి ఉంది. విండోస్ 8 నుంచి దాన్ని రిస్టోర్ హెల్త్ అని అడిగితే విండోస్ అప్‌డేట్ నుంచో, మనం చూపించిన ఇన్‌స్టలేషన్ డిస్క్ నుంచో మంచి సరుకు తెచ్చి గోదాము నింపుతుంది. ఆ తర్వాత మళ్లీ ఎస్‌ఎఫ్‌సీ. ఏ ఫైలు చెడిందో సీబీఎస్ లాగ్‌లో రాసి ఉంటుంది, అది చదవాలి. చదివితే పదేపదే ఒకే ఫైలు చెడుతోందా, రోజుకొకటి చెడుతోందా తెలుస్తుంది. రోజుకొకటి చెడుతుంటే అది విండోస్ తప్పు కాదు. ర్యామ్ పరీక్షించు, డిస్క్ ఆరోగ్యం చూడు. పోయే డిస్క్ మీద ఎన్నిసార్లు ఫార్మాట్ చేస్తే ఏం లాభం?

ఇంకో రోగం, డీఎల్ఎల్ డౌన్‌లోడ్ సైట్లు. వీసీరన్‌టైమ్140 లేదని తెర వస్తే, గూగుల్‌లో ఆ పేరు కొట్టి, ఎవడో దారినపోయేవాడు పెట్టిన ఫైలు దించుకుని సిస్టమ్32లో పడేస్తారు. అందులో ఏం కలిపాడో ఎవరికి తెలుసు? ఆ ఫైలు మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలో భాగం. ఉచితంగా ఇస్తారు. దాన్ని ఎక్కిస్తే అన్నీ సరైన చోట్లకు అవే పోతాయి. సరైన చోటు అంటే అదీ ఒక తిరకాసే. 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైళ్లు సిస్టమ్32లో ఉంటాయి, 32 బిట్ ఫైళ్లు సిస్‌వౌ64లో ఉంటాయి. పేరు చూసి పెడితే తారుమారు. 32 బిట్ ఫైలు తెచ్చి సిస్టమ్32లో పడేసినవాడికి "0ఎక్స్‌సీ000007బీ" అని అంకెల తిట్టు వస్తుంది. అది చూసి ఇంకో సైట్ నుంచి ఇంకో ఫైలు. అది చూసి ఫార్మాట్.

"ఈ రోజుల్లో ఎవరు చేత్తో ఫైళ్లు వెతుకుతారు తాతా?" అని అడిగినవాడికి 2024 జులై 19 గుర్తుచేశాను. శుక్రవారం. క్రౌడ్‌స్ట్రయిక్ అనే కాపలా కంపెనీ పంపిన ఒక్క ఫైలు తప్పుగా ఉంది. లోపలి కోడ్ దగ్గర ఉన్న గడులు 20, వచ్చిన ఫైలు 21వది చూడమంది. అంతే, ఆ ఫైలు చదవగానే విండోస్ నీలం తెర వేసుకుని పడిపోయింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఆగాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. పడిన కంప్యూటర్లను ఎలా లేపారనుకున్నారు? సేఫ్ మోడ్‌లోకి పోయి, సిస్టమ్32 కింద డ్రైవర్స్ ఫోల్డర్‌లో క్రౌడ్‌స్ట్రయిక్ ఫోల్డర్ తెరిచి, పేరులో 291 ఉన్న ఆ ఫైలును చేత్తో చెరిపి! ఒక్కో కంప్యూటర్ ముందు ఒక్కో మనిషి కూర్చుని. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట ముందు 48 అంకెల కీ వెతుక్కోవాలి. ఆ కీ దాచిన సర్వర్ కూడా పడిపోయిన ఆఫీసులున్నాయి. మేం కాగితం మీద రాసి బీరువాలో పెట్టేవాళ్లమని నవ్వినవాళ్లు ఆ రోజు బీరువాల కోసం వెతికారు. ఆ శుక్రవారం ఎవరూ 85 లక్షల కంప్యూటర్లు ఫార్మాట్ చేయలేదు. ఏ ఫైలు, ఏ ఫోల్డర్, ఎందుకు అని కనిపెట్టినవాళ్లే ప్రపంచాన్ని లేపారు.

మన తెలుగు అక్షరం కూడా ఒకసారి ఇలాంటి ఘనకార్యం చేసింది లెండి. 2018 ఫిబ్రవరిలో, జ్ఞ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు, దానికి దీర్ఘం తగిలించి పంపితే ఐఫోన్‌లో మెసేజ్‌ల యాప్ పడిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ పడేది. కొందరు ఫోన్ మొత్తం చెరిపి మళ్లీ పెట్టుకున్నారు. ఐఓఎస్ 11.2.6 అని ఆపిల్ వాళ్లు సవరణ పంపారు. ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో తెలుగు చదవడం రాని తెలుగు పిల్లలందరూ ఆ అక్షరం ఏమిటో చూపించమని నా దగ్గరికి వచ్చారు. పెద్దబాలశిక్షతో సాధించలేనిది ఒక లోపం సాధించింది.

ఇంత గొణిగాక చేతిలో ఏమన్నా పెట్టాలి కదా. మా రోజుల్లో నేను రాసిన బిల్లు మీద మూడు వరుసలు ఉండేవి. పోయిన ఫైలు, పోయిన కారణం, చేసిన పని. "ఎన్‌టీఎల్‌డీఆర్ కనబడలేదు. కారణం: వెనకాల మరిచిపోయిన పెన్‌డ్రైవ్. పెన్‌డ్రైవ్ తీశాను." కూలి కాఫీ ఖర్చు. మిల్లు మేనేజర్ ఆ బిల్లులన్నీ ఫైలు కట్టి ఉంచేవాడు. ఆర్నెల్లకోసారి తిరగేస్తే ఏ కంప్యూటర్‌కు కరెంటు సరిగా లేదో, ఏ గుమాస్తాకు చెయ్యి తొందరో తెలిసిపోయేది. ఇప్పటి బిల్లు మీద ఒక్కటే వరుస. "ఓఎస్ ఇన్‌స్టలేషన్." కారణం ఆ ఫార్మాట్‌తోనే తుడిచిపెట్టుకుపోయింది. యూపీఎస్ బ్యాటరీ అలాగే ఉంది, పోతున్న డిస్క్ అలాగే ఉంది, దూది అలాగే ఉంది. మూడు నెలలకు మళ్లీ అదే దుకాణం, అదే బిల్లు.

అందుకని మీరు కోయంబత్తూరులో ఉన్నా, మదురైలో ఉన్నా, అమీర్‌పేటలో ఉన్నా, కంప్యూటర్ తిరిగి చేతికిస్తున్న కుర్రాణ్ణి డబ్బులు ఇచ్చేముందు ఒక్క మాట అడగండి: "ఎందుకు పోయింది నాయనా?" నీళ్లు నమిలితే, ఫార్మాట్ చేసిన కూలి ఇవ్వండి, రిపేరు కూలి ఇవ్వకండి. రెండూ ఒకటి కావు. వాడు మిమ్మల్ని చాదస్తపు ముసలి అనుకుంటాడు. అనుకోనివ్వండి. నన్ను ఎప్పుడో అనేశారు.